గోత్రము చెప్పని చరరాశి

నేను కంప్యూటరు జ్ఞాపకమున కొద్దిపాటి చోటు నాశ్రయించి బ్రతుకు చరరాశిని. నాలో నిలుచునది సంఖ్యయో, అక్షరమాలయో, అవును కాదను నిర్ణయమో పుట్టుకనాడే చెప్పుట మాకు గోత్రము చెప్పుట వంటిది. మాలో వృద్ధులైన ఫోర్ట్రాన్ చరరాశుల పేరు ఐ మొదలు ఎన్ వరకు గల అక్షరములతో ప్రారంభమైనచో పూర్ణాంకమనియు, లేనిచో దశాంశ సంఖ్య యనియు యంత్రమే ఊహించుకొనెడిది. సౌకర్యమే గాని, పేరున నొక్క యక్షరము తప్పినను అడ్డు చెప్పక, క్రొత్త చరరాశి నొకదానిని పుట్టించి యూరకుండెడిది. అందుచేతనే ఆ యూహను మాన్పించు ‘ఇంప్లిసిట్ నన్’ అను నాజ్ఞను ఫోర్ట్రాన్ 90 ప్రమాణమున చేర్చిరి.

నేను నోయిడాలో నొక కార్యాలయమున, ఢిల్లీ పరిసరముల తెలుగు కుటుంబముల ఫోను పట్టిక కొరకు జావాస్క్రిప్టున పుట్టితిని. ఎస్.టి.డి. కోడును మోయుట నా విధి: ఢిల్లీకి 011, నోయిడాకు 0120, గుర్గావ్‌కు 0124, స్వస్థలమున నున్న బంధువులకై విజయవాడకు 0866. చూచుటకు అంకెలే యైనను ఇవి కూడికలకును తీసివేతలకును పుట్టినవి కావు. మొదటి సున్న పోయిన క్షణమున నిరర్థకములగును. 1995లో వెలువడిన ఆ భాష నా రకము నడుగదు. అడుగు టైప్‌స్క్రిప్టు 2012 నుండియు అందుబాటున నున్నను నా సృష్టికర్త దాని జోలికి పోలేదు. పని తొందరలో, కోడులు అంకెలు గాక అక్షరములుగా నిలుచుటకు కావలసిన ఉద్ధరణ చిహ్నములైనను పెట్టక కోడులను ప్రోగ్రామున వ్రాసివేసెను.

సున్నతో మొదలగు సంఖ్యను ఎనిమిది ఆధారముగా గల లెక్కలో చదువుట జావాస్క్రిప్టునకు పాత అలవాటు. నోయిడా 80 ఆయెను, గుర్గావ్ 84 ఆయెను, రాజధాని 9గా మిగిలెను. విజయవాడలో 8 ఉండుటచే ఆ లెక్క పొసగక, సున్న నొక్కదానిని పోగొట్టుకొని 866గా నిలిచెను. ఒకే అజాగ్రత్త ఊరికొక వేషము ధరించుటచేత దాని మూలము నెవ్వరును గుర్తింపలేదు. ప్రోగ్రాము ఎక్కడను ఆగలేదు, ఒక్క హెచ్చరికయు రాలేదు; నాకు దుఃఖము కలిగించునది ఇదియే, తప్పును మోయుచు మౌనముగా నుండవలసి వచ్చుట. ఫోను కలియనివారు టెలిఫోను శాఖను నిందించిరి. ఒక వృద్ధురాలు అచ్చుప్రతి అంచున కోడుల నన్నిటిని పెన్సిలుతో దిద్దుకొనెను. నన్ను విప్పి చూచినవాడు లేడు.

పెక్కు నెలల తరువాత వేరొక ఉద్యోగిని వచ్చి, ఆ పట్టికను టైప్‌స్క్రిప్టులోనికి మార్చి, నా పేరు ప్రక్కన ‘స్ట్రింగ్’, అనగా అక్షరమాల, అని ప్రకటించెను. ఆ ఒక్క మాటతో, ప్రోగ్రాము నడువక మునుపే, చిహ్నములు లేని ప్రతి కోడును కంపైలరు ఎఱ్ఱగా చూపెను. ఆమె ఒక్కొక్క వరుసను దిద్దుచుండగా నేను మొట్టమొదటిసారి 0120ని 0120గా మోసితిని. ఆ గర్వము నాకు నేటికిని తగ్గలేదు. కాని మొదటి అచ్చుప్రతులను ఎవ్వరును వెనుకకు తీసికొనలేదు; ఎన్ని యిండ్ల బీరువాలలోనో ఢిల్లీ యింకను 9గానే యున్నది.