ఎముక విరిస్తే పద్నాలుగేళ్ళు, ఎందుకో చెబితే ఐదు

పిడికిలి బిగించి ఎదుటివాడి ముఖం మీదికి ఊపితే చాలు, దెబ్బ తగలక్కర్లేదు, అది దౌర్జన్యం. కరిచే కుక్క మూతికి కట్టిన చిక్కం విప్పబోయినా దౌర్జన్యమే. ఇవి నా కల్పనలు కావు. మెకాలే దొర పుణ్యమా అని మన పాత పీనల్ కోడ్‌లో చేరిన ఉదాహరణలు. 1871లో మలయా తీరాన ఉన్న బ్రిటిష్ వలస స్ట్రెయిట్స్ సెటిల్మెంట్స్ ఆ కోడ్‌ను దాదాపు ఉన్నదున్నట్టు తెచ్చుకుంది. మన విశాఖ, శ్రీకాకుళం కూలీలు రబ్బరు తోటలకు వెళ్ళి ఉండిపోయినట్టే అదీ అక్కడే ఉండిపోయింది. ఇవాళ మలేషియాలో దాని పేరు 574వ చట్టం.

ఆ చట్టంలో దెబ్బల అధ్యాయం కిరాణా కొట్టు ధరల పలక లాగా ఉంటుంది. ఒంటికి నొప్పి, జబ్బు, నీరసం, ఏది కలిగించినా గాయమే. దానికి 323వ సెక్షన్ కింద ఏడాది జైలు, లేదా 2,000 రింగిట్ల జరిమానా, లేదా రెండూ. కన్ను పోయినా, ఎముక విరిగినా, ముఖం శాశ్వతంగా చెడినా తీవ్ర గాయం. 325 కింద ఏడేళ్ళ దాకా. కత్తి వాడితే రేటు ఇంకా పైకి, పైగా బెత్తం దెబ్బలు కూడా పడొచ్చు. ఒళ్ళు చీరినవాడి ఒళ్ళు చీరడానికి సర్కారు వాడే ఆ బెత్తం మందం అరంగుళం మించకూడదు, పక్కన డాక్టరు ఉండాలి. ఇంత శ్రద్ధగా కొట్టేవాళ్ళు ప్రపంచంలో అరుదు!

2007లో అమల్లోకి వచ్చిన సవరణతో ఈ పలకకు కొత్త వరుస ఒకటి చేరింది. 326ఏ. కట్టుకున్నదాన్ని కొడితే మామూలు గరిష్ఠ శిక్షకు రెట్టింపు. చెంపదెబ్బకు ఏడాది కాస్తా రెండేళ్ళు, ఎముక విరిస్తే ఏడు కాస్తా పద్నాలుగు. నిజంగా చప్పట్లు కొట్టాల్సిన పని. నేనూ కొట్టాను. తర్వాత 375 దాకా పేజీలు తిప్పాను.

375 అత్యాచారం సంగతి. పరాయివాడు చేస్తే ఇరవయ్యేళ్ళ దాకా జైలు, బెత్తం. భర్త చేస్తే? అది అత్యాచారమే కాదు. మరీ వదిలేస్తే బాగోదనుకున్నారేమో, పక్కనే 375ఏ అని ఒక సెక్షన్ అతికించారు. కాపురం కోసం భార్యకు గాయం చేసినా, చంపుతాననో గాయపరుస్తాననో భయపెట్టినా ఐదేళ్ళ దాకా జైలు. నేరం ఆ గాయం, ఆ భయం. ఆ తర్వాత జరిగింది సంసారం. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనకో సామెత ఉంది. మలేషియా పార్లమెంటు దాన్ని తిరగేసింది: కొట్టినందుకు ఏడువు, మిగతాదానికి నోరు మూసుకో.

ఇప్పుడు లెక్క చూడండి. ఊరికే కోపం వచ్చి భార్య చెయ్యి విరిచినవాడికి పద్నాలుగేళ్ళ దాకా పడొచ్చు. ఆమెను లొంగదీసుకోవడానికే విరిచానని వాడే ఒప్పుకుంటే, దానికోసమే ప్రత్యేకంగా రాసిన సెక్షన్‌లో ఐదేళ్ళే గరిష్ఠం. ప్రాసిక్యూటర్‌కు బుర్ర ఉంటే 325ను, 326ఏను కలిపి పెడతాడు, అది వేరే సంగతి. కానీ ఉద్దేశం ఎంత నీచమైతే అంత చవక అనే ఈ గణితం ఏ బడిలో నేర్చుకున్నారో! నిద్రలో ఉన్నదాని మీద పడితే గాయమూ లేదు, బెదిరింపూ లేదు, లెక్క సున్నా.

అడిగితే నిరూపించడం కష్టమంటారు. నాలుగు గోడల మధ్య పుచ్చుకునే లంచాన్ని నిరూపించడమూ కష్టమే. అవినీతి చట్టాన్ని ఆ కారణంతో ఎవరైనా రద్దు చేశారా? ఆ తర్వాతి అస్త్రం మన సంస్కృతి. ఏ సంస్కృతి స్వామీ? పెళ్ళితోనే ఒప్పుకోలు అయిపోయిందని రాసింది మాథ్యూ హేల్ అనే ఇంగ్లీషు జడ్జి. ఆయన పోయిన అరవై ఏళ్ళకు, 1736లో అచ్చయిన మాట అది. ఇంగ్లండ్ దాన్ని 1991లోనే చెత్తబుట్టలో వేసింది. అదే స్ట్రెయిట్స్ కోడ్ పంచుకున్న సింగపూర్ 2020 జనవరి 1 నుంచి వదిలించుకుంది. జొహోర్ దగ్గర కిలోమీటరు పైచిలుకు కట్ట దాటితే చాలు, సంసారం కాస్తా నేరమవుతుంది.

మలేషియాను చూసి మనం నవ్వుకునే వీలేమీ లేదు. 2024 జులైలో అమల్లోకి వచ్చిన మన భారతీయ న్యాయ సంహిత, తీవ్ర గాయానికి కావలసిన నొప్పి రోజుల్ని ఇరవై నుంచి పదిహేనుకు తగ్గించింది. మంచిదే. రోజుల లెక్క దిద్దడానికి తీరిక దొరికిన చేతికి పద్దెనిమిది దాటిన భార్య విషయంలో భర్తకున్న మినహాయింపు మాత్రం కనబడలేదు. 63వ సెక్షన్‌లో భద్రంగా ఉంచింది.

మళ్ళీ మలేషియాకు వస్తే, అక్కడే 1994 నాటి గృహ హింస చట్టం ఉంది. కాదనే హక్కు ఉన్న పనిని, లైంగికమైనా సరే, బలవంతంగా చేయిస్తే హింస అంటుంది. భార్యకు ఆ హక్కు ఉందా అంటే పీనల్ కోడ్ గొంతు సవరించుకుంటుంది. ఉంది, కాకపోతే కాగితం కావాలి. కోర్టు వేరుగా ఉండమని డిక్రీ ఇవ్వాలి, లేదా భర్త తన దగ్గరికి రాకుండా ఆమె ఇంజంక్షన్ తెచ్చుకోవాలి. ముస్లిం స్త్రీ అయితే ఇద్దత్‌లో, అంటే విడాకుల తర్వాత వేచి ఉండే గడువులో, వేరుగా ఉంటున్నా సరిపోతుంది. బాగన్ డాతుక్‌లో గుడి మండపంలో పెళ్ళి చేసుకుని 1976 నాటి వివాహ, విడాకుల చట్టం కింద రిజిస్టరు చేయించుకున్న తెలుగుపిల్ల, జడ్జి ప్రత్యేక అనుమతి లేకుండా మొదటి రెండేళ్ళు విడాకులకు అర్జీ పెట్టలేదు. ఈ రాత్రికి వద్దు అని ఆమె అనాలనుకుంటే వకీలును చూసుకోవాలి, అఫిడవిట్ రాయించాలి, ఫీజు కట్టాలి. కోర్టుకు శని, ఆదివారాలు సెలవు.