నా పొదుపు చూసి మోసపోకండి

నేను పిల్లి కిడ్నీని. వెన్నెముకకు అటొకరం ఇటొకరం ఉంటాం. ఒక్కొక్కరిలో సుమారు 2 లక్షల నెఫ్రాన్లు రక్తాన్ని వడకడుతుంటాయి. మనిషి కిడ్నీలో ఇవి 10 లక్షల దాకా ఉన్నా, నీటి పొదుపులో అది నాకు సాటిరాదు. ఈ విద్య నాకు పూర్వీకుల నుంచి వచ్చింది. ఇంటిపిల్లికి మూలం పశ్చిమాసియా మెట్టనేలల్లో తిరిగిన అడవిపిల్లి అని 2007లో జన్యు పరిశోధన తేల్చింది. చెరువులూ కుంటలూ అరుదైన ఆ చోట అది నీటిని తాగిందానికన్నా తిన్నదే ఎక్కువ. ఎలుక ఒంట్లో దాదాపు మూడింట రెండొంతులు నీరే మరి. ఆ తడిలో చుక్క వృథా పోకుండా మూత్రాన్ని చిక్కబరచడమే నా పని.

ఆ పొదుపే ఇప్పుడు యజమానుల్ని ఏమార్చుతోంది. 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. ఎలుక స్థానంలో పొడి గుళికలు వచ్చాయి. వాటిలో నీరు పదోవంతే. రోజుకు 60 గ్రాములు తింటే ఒంటికి దక్కేది 6 మిల్లీలీటర్లు. డబ్బాల్లో వచ్చే తడి ఆహారంలో నీరు నాలుగింట మూడొంతులకు పైనే. అది 250 గ్రాములు తింటే అవసరం చాలావరకు తీరినట్టే. గుళికలు తినే పిల్లి గిన్నెలో నీళ్లు ఎక్కువ తాగే మాట నిజమే, కానీ సాధారణంగా ఆ లోటు పూర్తిగా పూడదు. నాలుక కొనతో నీటిని పైకి లాగి అందుకునే పిల్లి, సెకనుకు నాలుగుసార్లు నాలుక ఆడించినా ఒక్కోసారి నోట పడేది 0.1 మిల్లీలీటరే.

‘దాహమేస్తే అదే తాగుతుందిలే’ అంటారు. దాని దాహం తడి వేటకు అలవాటుపడ్డది; పొడి మేతకు తగ్గట్టు పెరగలేదు. ‘గుళికలు తినే పిల్లులన్నీ జబ్బు పడుతున్నాయా?’ అని అడుగుతారు. లేదు. గుళికలే నన్ను పాడుచేస్తాయని రుజువు కాలేదు కూడా. అయితే మూత్రం చిక్కబడేకొద్దీ అందులోని లవణాలు స్ఫటికాలుగా, రాళ్లుగా మారే వీలు పెరుగుతుంది. మగపిల్లి మూత్రనాళం మరీ సన్నం. అది పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ‘పాలు పోస్తున్నాం కదా’ అనేవారూ ఉన్నారు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. విరేచనాలు పట్టుకుంటే ఉన్న నీరూ పోతుంది. ‘ఎండాకాలం తడి ఆహారం పాడవుతుంది’ అన్న అభ్యంతరం మాత్రం సబబే. దానికి మందు, కొంచెం కొంచెంగా పెట్టి మిగిలింది తీసేయడం.

నాలో మూడింట రెండొంతులు దెబ్బతినేదాకా మూత్రాన్ని చిక్కబరుస్తూనే ఉంటాను కాబట్టి నా నష్టం బయటికి కనబడదు. పిల్లి ఉన్నట్టుండి నీళ్లు తెగ తాగుతోందంటే సంతోషించకండి, పశువైద్యుడికి చూపించండి. మగపిల్లి ముక్కుతున్నా మూత్రం రాకపోతే తెల్లవారేదాకా ఆగకండి. రోజులో ఒక పూటైనా తడి ఆహారం పెట్టండి, లేదా ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ వేయకుండా ఉడికించిన చేపను ఆ నీళ్లతోనే పెట్టండి. వెడల్పాటి గిన్నెల్లో రోజూ తాజా నీళ్లు పోసి, మేతకు దూరంగా రెండు మూడు చోట్ల ఉంచండి. పిల్లికి నీళ్లు ముందుగా అందాల్సింది తిండిలోనే. గిన్నె దానికి తోడు మాత్రమే.