ఛత్తీస్‌గఢ్ ఆబ్కారీ కమిషనర్ గారికి ఒక మనవి

అయ్యా,

2017లో కాంట్రాక్టర్లను తప్పించి మద్యం దుకాణాలు ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టినప్పటి నుంచీ మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి మీరే షావుకారు. 2024లో 'మన్‌పసంద్' అనే మద్యం యాప్ కూడా ఇచ్చారు. ఇంత చేసినవారు ఇంకొక్క మేలు చెయ్యాలి. ప్రతి పవ్వా (క్వార్టర్) సీసాతోనూ ఒక లివరు మాత్ర జతచేసి ఇప్పించండి.

ఆలోచన నాది కాదు, మా లైనులోని మావయ్యది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం వాళ్లది. ఆయన రిటైరైన ఫిట్టర్. పెన్షను పడిన సాయంత్రం భట్టీకి, అంటే మద్యం దుకాణానికి, వెళ్తూ ముందు మందుల షాపు దగ్గర ఆగి, సిలిమారిన్ అనే లివరు మాత్రల స్ట్రిప్పు ఒకటి చొక్కా జేబులో వేసుకుంటాడు. చఖనా (నంజుడు) పొట్లం విప్పకముందు ఒక మాత్ర, గ్లాసు కడిగి బోర్లించాక ఇంకోటి. "బ్రేకులు బిగించానురా అల్లుడూ, ఇక బండి ఎంత స్పీడెత్తినా భయం లేదు" అంటాడు. అత్తయ్య నోరు విప్పబోతే స్ట్రిప్పు తీసి చూపిస్తాడు. ఆ మాత్ర పనిచేయడం నేను కళ్లారా చూసింది అక్కడే.

పైకి చూస్తే సైన్సు కూడా ఆయన పక్షమే. తాగింది లివరులో ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది, అది విషం. రోజూ తాగేవాడిలో సీవైపీ2ఈ1 అనే ఎంజైము పెరిగి, కణాల పొరల్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను వదులుతుంది. వాటిని అణచాల్సిన గ్లూటాథయోన్ తరిగిపోతుంది. అలాంటప్పుడు యాంటీఆక్సిడెంట్ మింగితే సరిపోదా? ఎలకలకు సరిపోయింది. పసుపు, ఉసిరి, నేలవేము, ద్రాక్షతొక్క, ఏది పట్టించినా వాటికి ఎంతో కొంత మేలే. కానీ ఎలకకు సారా కొలిచి పోస్తారు, మందు వేళకు వేస్తారు. పైగా దానికి పెన్షను రాదు.

మనుషుల దగ్గరికొచ్చేసరికి లెక్క మారింది. స్పెయిన్‌లో తాగుడు వల్ల సిరోసిస్ వచ్చిన 200 మందిపై సిలిమారిన్ పరీక్షించి 1998లో ఫలితం ప్రకటించారు. ఆయుష్షు పెరగలేదు. ఫ్రాన్సులో తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్‌తో ఆస్పత్రిలో ఉన్న 174 మందిలో కొందరికి స్టెరాయిడ్‌తో పాటు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కూడా నరంలోకి ఎక్కించారు. పారాసెటమాల్ మోతాదు మించినప్పుడు విరుగుడుగా ఇచ్చే మందే అది. 2011లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం మొదటి నెలలో మరణాలు నూటికి 24 నుంచి 8కి తగ్గాయి. ఆరు నెలలు గడిచేసరికి గట్టిగా చెప్పగలిగే తేడా మిగల్లేదు. అదైనా ఆస్పత్రి మంచం మీది సంగతి, భట్టీ దగ్గరి సంగతి కాదు. ఆకులైతే హాని లేదనే ధీమా కూడా వద్దు. కరోనా కాలంలో తిప్పతీగ తెగ తాగి లివరు చెడిన కేసులను ముంబై వైద్యులు 2021లో బయటపెట్టారు.

తాగడం మానేస్తే మాత్రం, కొవ్వు పట్టిన లివరు కొన్ని వారాల్లోనే తేరుకోవడం మొదలుపెడుతుంది. దానికి స్ట్రిప్పు అక్కర్లేదు. అయితే ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్సు రావచ్చు, డాక్టరు తోడుండాలి.

కాబట్టి మాత్రల అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. ఎలాగూ మీరు ఒప్పుకునేవారు కాదు: మద్యానికి జీఎస్టీ లేదు, మాత్రకు ఉంది. ఒకే బిల్లు మీద రెండూ రాయాలంటే మీ గుమస్తాకు తలనొప్పి.

బదులుగా, పవ్వా లేబులు మీద హెచ్చరిక పక్కనే, బ్రాండు పేరంత అక్షరాలతో, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 అచ్చు వేయించండి. నేను చెబితే మావయ్య వినడు. సర్కారు సరుకు మీదున్నది మాత్రం కళ్లజోడు పెట్టుకుని మరీ చదువుతాడు.

ఇట్లు,
రైల్వే కాలనీ తెలుగువాడొకడు