సున్నా దగ్గర నా మాట

నన్ను గీసింది హైదరాబాద్‌లో, అచ్చేసింది తైవాన్‌లో, కూర్చోబెట్టింది అత్తిలి శివార్లలో ఓ రొయ్యల చెరువు గట్టు మీది స్టార్టర్ పెట్టెలో. అటూ ఇటూ మూడేసి మిల్లీమీటర్ల సిలికాన్ ముక్కని. కరెంటు తీగ మీదే కబుర్లు పంపడం నా ఉద్యోగం.

మా వంశంలో పెద్దవాళ్లని మీరు చూసే ఉంటారు. సబ్‌స్టేషన్‌లో హైటెన్షన్ లైను దిగే చోట వేలాడే లావుపాటి కాయిల్‌ని వేవ్ ట్రాప్ అంటారు. మామూలు కరెంటుని వదిలేసి, కబుర్లు మోసే ఫ్రీక్వెన్సీని మాత్రం లోపలికి రానివ్వదు. ఒక సబ్‌స్టేషన్ నుంచి ఇంకోదానికి ఫోన్ మాటలూ, ఫాల్టు వస్తే అవతలి బ్రేకర్‌కి ట్రిప్ కబురూ దశాబ్దాలపాటు ఆ దారినే వెళ్లాయి. ఇప్పుడా పని చాలాచోట్ల ఎర్తు వైరు లోపల దూర్చిన ఆప్టికల్ ఫైబర్‌ది. అయినా వాళ్లది సుఖమైన కొలువు. హైటెన్షన్ లైనుకి మధ్యలో ఎవరూ కొక్కేలు వెయ్యరు. నాది వీధి లైను.

నన్ను గీసినావిడ అత్తిలి ఆడపడుచే. నేను 3.3 వోల్టుల ప్రాణిని, 230 తగిలితే పొగే. అందుకని లైనుకీ నాకూ నడుమ ఒక కెపాసిటర్నీ, బుల్లి ట్రాన్స్‌ఫార్మర్నీ కాపలా పెట్టింది. 50 హెర్ట్జ్‌కి ఆ కెపాసిటర్ ఎంత అడ్డమో, నేను మాట్లాడే 75 కిలోహెర్ట్జ్‌కి అందులో 1500వ వంతే అడ్డం. అసలు తలనొప్పి ఆ తర్వాతిది. పంపేటప్పుడు ఒకటి రెండు ఓముల లైనులోకి బలంగా కరెంటు తొయ్యాలి, వినేటప్పుడు మిల్లీవోల్టులో చిన్న వంతుకి చెవొగ్గాలి. నోరూ చెవీ ఒకే సిలికాన్ మీద ఉంటే ఆ రొద ఈ చెవిలోకి పాకుతుంది. ఆవిడ నిద్ర చాలావరకు అక్కడే పోయింది.

బజార్లో దొరికే చిప్పు కొనుక్కోవచ్చుగా అని అడిగినవాళ్లున్నారు. తప్పు ప్రశ్నేం కాదు. ఇటలీలో ఎనెల్ సంస్థ 2001లో మొదలుపెట్టి కోట్ల మీటర్లని ఈ పద్ధతిలోనే మాట్లాడించింది. ఫ్రాన్స్‌లో లింకీ మీటర్లదీ ఇదే దారి. కానీ నాలాంటివాళ్ల మాట ట్రాన్స్‌ఫార్మర్ దాటడం కష్టం, కాబట్టి ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా మాటలు పోగేసే పెట్టె ఒకటి ఉండాలి. దాని కింద వందల ఇళ్లుంటే గిట్టుబాటు. మా పొలాల్లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి నాలుగు మోటార్లు. అందుకే మన మీటర్లలో ఎక్కువ వాటికి సిమ్ కార్డో రేడియోనో పెడుతున్నారు. నిజం ఒప్పుకోవాలి, వాటి లెక్కే బాగుంది. ఇంతకీ ఆవిడ నన్ను గీసింది మీటరు కోసం కాదు, వాళ్ల నాన్నగారి చెరువు కోసం.

చెరువు లైను మీద గోల మామూలుగా ఉండదు. రాత్రంతా ఏరేటర్లు తిరుగుతాయి, వాటిలో కొన్నిటికి డ్రైవులు. సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థం వస్తే ఊరంతా సీరియల్ సెట్లు, ఒక్కో చవక ఎల్‌ఈడీ సప్లై ఒక్కో రకం ఈల. నాకు ఒక్క గొంతు కాదు, 36 నుంచి 91 కిలోహెర్ట్జ్ దాకా 36 సన్న దారులు. గోల ఉన్న దారి వదిలేసి, మిగిలినవాటిలో నడుస్తాను. ఇంకో కిటుకుంది. వోల్టేజి ప్రతి 10 మిల్లీసెకన్లకోసారి సున్నా దాటుతుంది. ఆ కాస్సేపూ సప్లైలు చాలావరకు కరెంటు లాగవు, గోల తగ్గుతుంది. నా ముఖ్యమైన మాటలన్నీ అప్పుడే.

ఇది విన్న ఆవిడ నాన్నగారు అన్నం కలుపుతూ అడిగారట:

"అమ్మలూ, కరెంటు పోతే ఆ సున్నాలెక్కడివే? నాకు కబురు కావాల్సింది అప్పుడే గదా!"

అప్పటికే ట్రాన్సిస్టర్లని అచ్చేసే మూసలు, అంటే మాస్కులు, తైవాన్ వెళ్లిపోయాయి, మెటల్ పొరలే మిగిలాయి. ఇలాంటి అవసరాలకే చిప్పులో అక్కడక్కడ పనిలేని గేట్లు వదులుతారు. ఆవిడ వాటిని పై పొరల తీగలతో కలిపి నాకో కొత్త నియమం నేర్పింది: సున్నాలు కనబడకపోతే ఎదురుచూడకు, బ్యాటరీ మీద వెంటనే మాట్లాడు. కరెంటు లేని తీగ మీద డ్రైవులూ సప్లైలూ అన్నీ నోరు మూసుకుంటాయి, నా మాట మరీ బాగా వెళుతుంది.

తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఏరేటర్లు ఆగితే రొయ్యకి గండమే. మొన్న అలాంటి వేళే సప్లై పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గరున్న నా తోడుచిప్పుకి చెప్పాను, అది సిమ్ కార్డుకి చెప్పింది, పెద్దాయన ఫోన్ మోగింది. ఆయన లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చి జనరేటర్ వేశాడు. పొద్దున్నే హైదరాబాద్‌కి ఫోన్:

"బానే చెప్పిందే నీ పురుగు. ఈసారి ఏరేటరు ఆగాక కాదు, మోటారు కాలబోతోందని ముందే చెప్పేది గియ్యి."

"దానికి మోటారు కరెంటు కొలవాలి నాన్నా, ఇంకో రెండు కాళ్లు కావాలి."

"పెట్టు మరి. ఎంతవుద్దేంటి?"

మాస్కుల ఖరీదు ఆవిడ ఇంకా చెప్పలేదు.