చేపల బుట్ట, చానెల్ స్ట్రిప్

ఇవాళ్టికి పదకొండో రోజు. పద్దెనిమిది వేలు దాటకుండా, మైకు పట్టిన సన్నటి శబ్దాన్ని పెంచే ఒక మైక్ ప్రీయాంప్ కొనాలి, అంతే. ఈపాటికి ఒక పెళ్లి సంబంధం కుదిరిపోయేది.

పెద్ద స్టూడియోల్లో మిక్సింగ్ బల్ల మీద ఒక్కో మైకుకీ పైనుంచి కిందిదాకా ఓ నిలువు పట్టీ నిండా నాబ్‌లుంటాయి చూశారూ, అందులో ఒక్క పట్టీ కోసి డబ్బాలో పెడితే చానెల్ స్ట్రిప్. మడత కాజాలో ఒక్క మడతన్నమాట. (మడత కాజా తాపేశ్వరానిది, కాకినాడది గొట్టం కాజా. ఇక్కడ పొరబడితే మా కాకినాడలో ఉండనివ్వరు.)

నాది డైనమిక్ మైకు, పరమ పిసినారి. షూర్ ఎస్‌ఎం7బీ లాంటిదానికి 60 డెసిబెల్స్ గెయిన్, అంటే అంత పెంపు, కావాలంటారు. నా దగ్గరున్న స్కార్లెట్ 2ఐ2 మూడో తరం పెట్టె 56 దగ్గర ఆగిపోతుంది. ఆ నాలుగు డెసిబెల్స్ కోసం నాకు నిద్ర లేదు. పోనీ కండెన్సర్ మైకు కొందామా అంటే, అది వీధి చివర కుక్క ఆవులించినా పట్టేస్తుంది. అందుకే మనసు డీబీఎక్స్ 286ఎస్ అనే చానెల్ స్ట్రిప్ మీదికి పోయింది. ప్రీయాంపు, గొంతు హెచ్చుతగ్గుల్ని సర్దే కంప్రెసరు, సకారాల బుస తగ్గించే డీ-ఎస్సరు, పైగా గేటు. గొంతు వినపడితే తెరిచి, ఆగితే మూసే కాపలాదారు.

కానీ మా వీధిలోకి తొమ్మిదింటికి చేపలావిడ వస్తుంది.

ఆవిడ గురించి చెప్పాలి. కుంభాభిషేకం రేవు నుంచి బుట్ట నెత్తినెట్టుకొచ్చి "చందువాలో... వంజరాలో..." అంటుంది. ఆ 'లో' ఉంది చూశారూ, అది మూడంతస్తులెక్కి, తలుపేసిన గదిలో దూరి, రెండు బొంతల వెనకున్న నా మైకులో బైఠాయిస్తుంది. మీటరు ఎర్రబడుతుంది. 'చందు' దగ్గర సన్నగా ఎత్తుకుని, 'వా' దగ్గర ఊపిరి బిగించి, 'లో' దగ్గర వదిలేస్తుంది. కంప్రెసరు ఆవిడ గొంతులోనే ఉంది. బుట్టలో రొయ్యలుంటే శ్రుతి ఒక మెట్టు పైన. బేరం దగ్గర మాత్రం మంద్రస్థాయి. పక్కింటివాళ్లకి ఎంతకిచ్చిందో నాకు ఇంతవరకూ వినపడలేదు. ఎస్వీ రంగారావుగారు ఈ ఊళ్లోనే యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో వేశారు. ఆయన గొంతుకి ప్రీయాంప్ కావాలని ఎవరూ అనుకుని ఉండరు. ఈవిడదీ అదే బాణీ.

అరువు తెచ్చిన గేటుతో ఓ పూట ప్రయత్నించాను. అమ్మ పాడితే మూసుకుంది. చేపలావిడ కేకేస్తే తెరుచుకుంది.

రికార్డు చేయాల్సింది అమ్మనే. ఆవిడ పాడే హారతులు ఏ పుస్తకంలోనూ లేవు. ఈ పదకొండు రోజులూ రెండో విడత. మొదటిసారి ఈ పెట్టెల ధరలు చూసింది మూడేళ్ల కిందట. అప్పుడు అమ్మ వంటింట్లో పాడితే హాల్లో ఉన్న ఫోనుకి అందేది. ఇప్పుడు మైకు పక్కనే కూచోబెట్టినా గెయిన్ పెంచాల్సి వస్తోంది. లోటు పడ్డ ఆ నాలుగు డెసిబెల్స్ మైకువి కావు.

నిన్న మధ్యాహ్నం ఫ్యాను కట్టేసి, ఫోనులోనే ఒక హారతి పట్టాను. రెండు నిమిషాల నలభై సెకన్లు. మూడో చరణంలో దగ్గి, "ఒరే, ఫ్యానెయ్యరా" అంది. అది కోయలేదు.

ప్రీయాంప్ ఇంకా కొనలేదు. మీ ఇంట్లో పాతది ఏ అటక మీదో ఉంటే కబురు పెట్టండి, నేనే వచ్చి పట్టుకెళ్తాను. బేరానికి మాత్రం చేపలావిడని తోడు తెచ్చుకుంటాను.