జలాన్-జలాన్ నాన్న

మలయ్ భాషలో ‘జలాన్’ అంటే వీధి. అదే మాట రెండుసార్లు అంటే షికారు. మలేషియాలో ఏ తెలుగువాళ్ల ఉగాది భోజనాలకు వెళ్లినా, పులిహోర వరుసలో నిలబడి ముందున్నవాడి భుజం తట్టి, “లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు, తెలుసా?” అని అడిగే పెద్దమనిషి ఒకాయన తగులుతాడు. ఆయనే జలాన్-జలాన్ నాన్న. వయసు యాభైకి అటూ ఇటూ. జేబులో పెన్ను, ఫోనులో ఎక్సెల్ షీటు, ఇంట్లో టీనేజీ పిల్లలిద్దరు. వీటిలో ఆయన చెప్పినట్టు వినేవి మొదటి రెండే.

అసలు వేసవి సెలవులన్న మాట మలేషియాలో అతకదు. కౌలాలంపూర్‌లో ఏడాది పొడవునా సూర్యుడు ఏడుకీ ఏడున్నరకీ మధ్యే దిగిపోతాడు. ఉక్కపోత మాత్రం దిగదు. అక్కడున్నది ‘చుతి సెకోలా’, బడి సెలవులు. మే నెలాఖరులో మొదలయ్యే ఆ కాసిన్ని రోజులకు ఈయన ముందటేడు సెప్టెంబరు మట్టా ఫెయిర్‌లోనే ముహూర్తం పెట్టేశాడు. అది ట్రావెల్ ఏజెంట్ల తిరునాళ్లు. అక్కడ ఆయన ఏమీ కొనడు. ఒక ఏజెంటును గంటసేపు కూర్చోబెట్టి పారిస్, ఇంటర్‌లాకెన్, రోమ్ దారంతా రాబట్టి, “ఇంట్లో అడిగి చెప్తా” అని లేచొస్తాడు. ఇంట్లో ఎవర్నీ అడగడు. ఆ దారినే షీటులోకి ఎక్కించి, దాని పక్కన ‘వానొస్తే’ అని ఇంకో వరుస గీస్తాడు. ఏ పనికైనా వానొస్తే ఏం చెయ్యాలో అందులో రాసి ఉండాల్సిందే.

షీటు మొదటి రోజు ఇలా మొదలవుతుంది: 6.15, పిల్లల్ని లేపుట. 6.30, మళ్లీ లేపుట. 6.40, వాళ్లమ్మ లేపుట. భార్య అది చూసి, “మూడోదాన్నే మొదట పెట్టరాదూ?” అంది. దానికాయన నవ్వి ఊరుకున్నాడు, ఎందుకంటే ఆయన దగ్గరో రహస్యపు లెక్కుంది. వేసవిలో పారిస్ కౌలాలంపూర్‌కు ఆరు గంటలు వెనక. ఆదివారం పదింటికి లేచే కొడుకు అక్కడ నాలుగింటికే కళ్లు తెరుస్తాడు. పదమూడేళ్లుగా తాను సాధించలేనిది భూగోళం సాధించిపెడుతుందని ఆయన నమ్మకం. అయితే జూన్‌లో పారిస్‌కు పొద్దుగూకేది రాత్రి పది దగ్గర్లో అన్న సంగతి పిల్లలు ముందే చూసి పెట్టుకున్నారు. “చీకటి పడగానే గదికి రావాలి” అన్న ఆయన నియమానికి ఇద్దరూ వాదన లేకుండా ఒప్పుకోవడం వెనక ఉన్నది అదే.

పాస్‌పోర్టు విషయంలో మాత్రం ఆయనకు కాస్త గర్వం. విశాఖలోని బావగారు షెంగెన్ వీసా కోసం బ్యాంకు కాగితాలు, వేలిముద్రలు పట్టుకుని తిరుగుతుంటే, ఈయన ఫోను చేసి మరీ పరామర్శిస్తాడు. మలేషియా పాస్‌పోర్టుకు 180 రోజుల్లో 90 రోజులు వీసా అక్కర్లేదు. ఆ 90 రోజులూ ఉండిపోయే సెలవు ఆయన ఆఫీసు ఇవ్వదు, అది వేరే సంగతి.

ఇక ఆయన్ని నిద్రపోనివ్వనిది పిల్లల వయసు. మనకు పిల్లలు పెళ్లయ్యేదాకా పిల్లలే. యూరప్‌లో అలా కాదు, ఒక్కో టికెట్టు కిటికీకీ పిల్లతనం మారిపోతుంది. యూరైల్ పాస్‌లో పదకొండేళ్లు దాటితే చిన్నపిల్లాడు కాదు, యువకుడు. ఆ యవ్వనం మళ్లీ ఇరవై ఏడు దాకా సాగుతుంది. స్విట్జర్లాండ్‌లో తల్లిదండ్రుల దగ్గర ట్రావెల్ పాస్ ఉంటే పదహారు నిండేదాకా పిల్లలకు ఉచితం. లూవ్ర్‌లోనూ, రోమ్ కొలోసియంలోనూ పద్దెనిమిది లోపు వాళ్లకు ప్రవేశం ఉచితం. పదమూడు దాటిన కొడుకు యూరైల్‌ను పోగొట్టాడు. పదిహేడు దాటిన కూతురు స్విట్జర్లాండ్‌ను పోగొట్టింది. ఒక్కో పుట్టినరోజుకూ తాను ఎన్ని యూరోలు నష్టపోయాడో ఆయన ఒక గడిలో వేసుకున్నాడు. యూరోకు అయిదు రింగిట్ల దరిదాపు కాబట్టి ఆ గడి ఎర్రగా ఉంటుంది. జులైలో అమ్మాయికి పద్దెనిమిది నిండుతాయి. పెళ్లి ముహూర్తం దాటిపోతుందన్నంత కంగారుగా ఈ యాత్ర మే నెలాఖరుకే కుదిరింది అందుకే. బడి చివరి పరీక్ష ఎస్‌పీఎం రాసేసి పెద్దదాన్నయ్యానని తిరుగుతున్న ఆ పిల్లేమో, “టికెట్టు కిటికీ దగ్గర చిన్నపిల్లని, మిగతా చోట్ల పెద్దదాన్నా?” అని అడిగింది. “రెండు మ్యూజియాల దగ్గరేనమ్మా” అన్నాడాయన.

కొడుకు కోరిక ఒక్కటే: లివర్‌పూల్ వెళ్లి ఆన్‌ఫీల్డ్ స్టేడియం చూడాలి. ఆ ఒక్క గీతతో షీటు సముద్రం దాటింది. బ్రిటన్‌కు 2025 జనవరి 8 నుంచి మలేషియన్లు ముందుగా ఈటీఏ అనుమతి తీసుకోవాలి, నలుగురికి నాలుగు.

“జూన్‌లో ఆటలే ఉండవురా. ఖాళీ కుర్చీలు చూడ్డానికా?”

“కొలోసియంలో నువ్వు చూసేదీ ఖాళీ మెట్లే కదా నాన్నా?”

ఆయన దగ్గర దీనికి జవాబు లేదు. ఐఫిల్ టవర్ టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారని అలారం పెట్టుకుని కూర్చున్న మనిషి ముందు అదే కుర్రాడు ఇంకో లెక్క కూడా పెట్టాడు: ఐఫిల్ 330 మీటర్లు, మన మెర్డెకా 118 భవనం 678 పైచిలుకు. “సగం కూడా లేదు. దీనికి ఇంత దూరమా లా?”

తిండి శాఖ బాగాన్ దాతుక్ ఊరి నుంచి వచ్చిన నాయనమ్మది. కొబ్బరి తోటల్లో పెరిగిన మనిషి. వాళ్ల నాన్న మద్రాసులో రజులా ఓడెక్కి, డెక్కు మీద చాప పరుచుకుని పెనాంగ్‌లో దిగినవాడు. “ఆయన దగ్గర ఉన్నది ఒక మూట. ఏ రోజు ఎక్కడ తింటాడో రాసుకుని బయల్దేరలేదు” అంటూనే ఆవిడ రైస్ కుక్కరు, ఆవకాయ, వెన్న కాచిన నెయ్యి, ఇకాన్ బిలిస్ ఎండుచేపలు సర్దింది. మనవరాలు నియమాలు చదివి వినిపించింది: యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేకూడదు, నెయ్యి కుదరదు, చేపలైతే మనిషికి 20 కిలోల దాకా తెచ్చుకోవచ్చు. నెయ్యి దొంగసరుకై, ఎండుచేప దొరసరుకైన దేశమేమిటో నాయనమ్మకు అంతుపట్టలేదు. కుక్కరుకు మరో చిక్కు. దాని ప్లగ్గు మూడు పలకల పుల్లలది, ఫ్రాన్స్ గోడకు రెండు గుండ్రటి బెజ్జాలు, స్విట్జర్లాండ్‌ది మళ్లీ వేరు. షీటులో ‘అన్నం’ అని కొత్త పేజీ తెరుచుకుంది.

బయల్దేరడానికి వారం ముందు, అర్ధరాత్రి దాటాక, కూతురు ఆ షీటు తెరిచి ఇంటర్‌లాకెన్ రెండో రోజు గడి మార్చింది. యుంగ్‌ఫ్రావ్‌యోహ్ రైలు దిగి వచ్చాక, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా: ‘ఏమీ లేదు’.

పొద్దున్నే ఆయన చూశాడు. తుడిచెయ్యలేదు. పసుపు రంగు వేసి, టీ కప్పు పక్కన పెట్టి, అమ్మాయి గది తలుపు తట్టాడు.

“ఇది సరేనమ్మా. మరి వానొస్తే?”

దుప్పటి లోపలి నుంచి జవాబు వచ్చింది. “వానొచ్చినా అదే నాన్నా.”

ఆ ‘వానొస్తే’ గడి ఇంకా ఖాళీగానే ఉంది. రోజుకు రెండుసార్లు తెరిచి చూస్తున్నాడు.