చూరు పొర పద్యమునకు టీకా తాత్పర్యములు

వ్యాఖ్యానింపదగిన మూలము దొరకనపుడు మూలమును గూడ తానే వ్రాసికొనుట వ్యాఖ్యాతకు చెల్లునని తలచి, అమెరికాలోని మిన్నెసోటా వంటి మంచుసీమలలో ఇంటి కప్పులకు, పెంకులవలె పరచు షింగిల్స్ క్రింద అంటించు జిగురు పొరను గూర్చి ఈ ఆటవెలదిని కూర్చి, యథాశక్తి టీక వ్రాయుచున్నాను.

మూలము

మంచు కరగి నీరు మడుగు గట్టెడు వేళ
చూరు గాచు జిగురు చుట్ట పొరయె
యడుగు కాగితంబు నమరంగ నొలిచిన
మేకు దిగిన తూటు మింగివేయు.

ప్రతిపదార్థము

మంచు = కప్పుమీద పేరుకొన్న హిమము; కరగి = క్రిందినుండి వేడి తగిలి ద్రవించి; నీరు = అట్లు పుట్టిన జలము; మడుగు గట్టెడు వేళ = జారిపోవ దారిలేక కప్పుమీదనే నిలిచిపోవు సమయమున; చూరు = గోడను దాటి ముందుకు వచ్చిన కప్పు అంచును; కాచు = రక్షించునది; జిగురు చుట్ట పొరయె = ఒకవైపు జిగురు గలిగి చుట్టలుగా అమ్ముడుపోవు పొర మాత్రమే; అడుగు కాగితంబున్ = ఆ జిగురును కప్పియున్న కాగితమును; అమరంగన్ = ఒప్పుగా; ఒలిచినన్ = తీసి అంటించినచో; మేకు దిగిన తూటు = మేకు దిగుటచే ఏర్పడిన రంధ్రమును; మింగివేయున్ = నీరు దూరకుండ మూసివేయును.

తాత్పర్యము

కప్పుమీది మంచు కరగి చూరువద్ద నిలిచినపుడు ఇంటిని కాపాడునది శ్రద్ధగా అంటించిన జిగురు పొర. అది తనలో దిగిన మేకుల చుట్టును తానే బిగిసికొనును.

విశేషములు

1. మడుగు. మన కోస్తాలో పెంకుటిల్లు కురిసినదనగా వాన పడినదనియు, ఎక్కడనో పెంకు పగిలినదనియు అర్థము. మిన్నెసోటాలోనో, వానచినుకు లేక, ఆకాశము నిర్మలమై, షింగిల్ ఒక్కటియు చెదరక యుండగనే కిటికీమీది సీలింగు తడిసి గోడవెంట నీరు దిగును. ఇంటిలోని హీటరు వేడి, సీలింగు లైట్ల గుంతల ప్రక్కనుండియు, అటక మూత సందులనుండియు, స్నానాలగది ఫ్యాను గొట్టము చుట్టునుండియు పైకెగసి కప్పు చెక్కను వెచ్చజేయగా, మందమైన మంచు బయటి చలిని అడ్డుకొనుచుండుటచే దాని అడుగుభాగము కరగి, నీరై దిగివచ్చి, క్రింద వెచ్చని గది లేని చూరును చేరినంతనే మరల గడ్డకట్టి గట్టుగా పెరుగును. దీనినే అక్కడివారు ఐసు డ్యామ్ అందురు. వెనుకవచ్చు నీరు ఆ గట్టున కానుకొని నిలిచి, మట్టము పెరిగి, షింగిల్స్ సందులలోనికి ఎగబ్రాకును. షింగిల్స్ జారు నీటిని సాగనంపుటకేగాని నిలుచు నీటిని ఆపుటకు పుట్టినవి కావు.

2. పొర. రబ్బరు గుణము గల పాలిమరును కలిపిన తారు దీనికి దేహము. పైన ప్లాస్టిక్ పొర, క్రింద ఒలిచివేయు కాగితము. సాధారణముగా మందము ఒక మిల్లీమీటరు, వెడల్పు 3 అడుగులు. మేకు దిగగొట్టి, చలిలో దానిపై నీరు నిలిపి, క్రింద చుక్క కనబడునా యని చూచు పరీక్ష ఏఎస్‌టీఎం డి1970 ప్రమాణమునందు విధింపబడినది. నాలుగవ పాదము దీనికే సాక్ష్యము.

3. చూరు. కప్పు అంచునుండి మొదలుపెట్టి, బయటి గోడగీతను దాటి లోపలివైపు కనీసము 24 అంగుళములవరకు పొర సాగవలెనని అమెరికాలోని నివాసగృహ నియమావళి. చూరు గోడకు ముందు ఒకటిన్నర అడుగు వచ్చియున్నచో, ఆ రెండడుగులతో కలిపి మూడున్నర అడుగులగును. వాలు వెంబడి కొలిచిన ఇంకను ఎక్కువ. కావున ఒక్క చుట్ట వెడల్పు చాలదు. రెండవ వరుస దానిపై కొంత ఎక్కునట్లు వేయక తప్పదు. ఒక్క వరుసతో ముగించి మేస్త్రీ నిచ్చెన దిగినచో, మడుగు ఆ వరుసను దాటిన రాత్రియే ఆ పొదుపు వెల గృహస్థునకు తెలియును.

4. అమరంగ. చెక్క పొడిగా నుండవలెను, ధూళి యుండరాదు, చలి మరీ ముదిరినచో జిగురు పట్టదు గావున 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గని పూటను చూచుకొనవలెనని తయారీదారులు సాధారణముగా చెప్పుదురు. తగిన పొడవున ముక్క కోసి, చూరు అంచుకు సరిచూచి, సగము కాగితము ఒలిచి అంటించి, రోలరుతో ఒత్తి, పిమ్మట తక్కిన సగము నొలుచుట నేర్పరుల పద్ధతి. గాలికి మడతపడి జిగురు జిగురుకే అంటుకొనెనా, ఇద్దరు బలశాలురు చెరియొక కొస పట్టి లాగినను విడదీయుట దుర్ఘటము.

ఆక్షేప సమాధానములు

ఇంతటి మహిమ గలదానిని చూరుకే ఏల పరిమితము చేయవలె, కప్పంతయు కప్పరాదా యని శంక. ఈ పొర నీటినేగాక ఆవిరిని గూడ దాటనీయదు. ఇంటి తేమ అటకకెక్కి చెక్కను చేరినచో, పైకి పోవు దారి మూసికొనును. అటకలో గాలి ఆడని ఇంట ఆ చెక్క క్రమముగా కుళ్లును.

పొర యున్నచో ఐసు డ్యామే కట్టదుగదా యని మరియొక శంక. పద్యము "మడుగు గట్టెడు వేళ" అన్నదేగాని మడుగు కట్టదని మాట యీయలేదు. పొర కట్టిన నీటిని ఓర్చును. కట్టకుండ చేయుట అటక పని. హానోవర్‌లోని అమెరికా సైన్యపు శీతలప్రాంత పరిశోధనశాలవారు, బయట 22 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నపుడు అటక 30 డిగ్రీలకు మించకుండ గాలి ఆడింపగలిగినచో ఈ బాధ చాలవరకు తప్పునని తేల్చిరి. అనగా ముందు సీలింగు సందులు పూడ్చి, పిదప ఇన్సులేషన్ నింపి, చూరునుండి కొప్పుదాక గాలికి దారి యిచ్చి, అటుపై అనుకోని సంవత్సరమునకు పొరను నమ్ముకొనుట క్రమము. పొర ఉన్నదిగదా యని అటకను మరచువాడు గొడుగు కొని ఇంటి కప్పు నేయించుట మానినవాని వంటివాడు.

అలంకారము

కారణమొకచోట, కార్యము వేరొకచోట నుండుట అసంగతి. స్నానాలగది ఫ్యాను చుట్టు అంగుళపు సందు కారణము. ఇరువదడుగుల దూరమున పడకగది కిటికీమీద పసుపుపచ్చని మరక కార్యము. ఇది తెలియని గృహస్థుడు మరకకు సున్నము కొట్టించి, తెలిసీ తెలియని రూఫరు మరక పైనున్న షింగిల్స్ మార్పించి, ఇద్దరును మరుసటి మాఘమున మరల కలిసికొందురు. అలంకారశాస్త్రము ఎరిగినవాడో, ఎరుగకున్నను టార్చిలైటు గలవాడో, తిన్నగా అటక నెక్కును.